హరికేన్ సీజనుకు ఇంటి సన్నద్ధత

అట్లాంటిక్ మహాసముద్రం, కరీబియన్ సముద్రం, మెక్సికో సింధుశాఖ తీరాల్లో ఏటా జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు సాగే తుపానుల కాలానికి కుటుంబాలు చేసుకునే ముందస్తు ఏర్పాట్లను హరికేన్ సన్నద్ధత అంటారు. ఇంటి మరమ్మతులు, బీమా, తరలివెళ్లే పథకం, నీరు, తిండి, మందుల నిల్వ, కరెంటు లేని రోజులు గడిపే తీరు, తిరిగొచ్చాక ఇల్లు బాగుచేసుకోవడం ఇవన్నీ దీని కిందికే వస్తాయి. ఈ వ్యాసం ముఖ్యంగా అమెరికాలోని టెక్సస్, లూసియానా, ఫ్లోరిడా తదితర తీర రాష్ట్రాల అనుభవాన్ని పరిశీలిస్తుంది. ఈ ఏర్పాట్లలో చాలా భాగం తుపాను పుట్టకముందే పూర్తి కావాలి. తుపానుకు పేరు పెట్టాక కుటుంబం చేతిలో మిగిలేది ఉండాలా వెళ్లాలా అన్న నిర్ణయం, దానికి సంబంధించిన ఒకటి రెండు రోజుల పని మాత్రమే.

సీజను, తుపాను స్థాయులు

హరికేన్, పశ్చిమ పసిఫిక్‌లో వచ్చే టైఫూన్, బంగాళాఖాతంలో మనం చూసే తుపాను ఒకే జాతివి. మూడూ వెచ్చని సముద్రపు నీటి నుంచి బలం పుంజుకుంటాయి. అట్లాంటిక్‌లో గాలి వేగం గంటకు 63 కిలోమీటర్లకు చేరితే ఉష్ణమండల తుపానుగా గుర్తించి పేరు పెడతారు. 119 కిలోమీటర్లకు చేరితే అది హరికేన్. 1991 నుంచి 2020 దాకా లెక్క చూస్తే సీజనుకు సగటున 14 తుపానులకు పేర్లు పడ్డాయి. వాటిలో 7 హరికేన్లయ్యాయి, 3 తీవ్రమైనవయ్యాయి. సెప్టెంబరు 10 ప్రాంతంలో సీజను పతాకస్థాయికి చేరుతుంది.

పేర్ల జాబితాలు ప్రపంచ వాతావరణ సంస్థ చేతిలో ఉంటాయి. ఆరు జాబితాలు వంతుల వారీగా తిరిగి వస్తుంటాయి. భారీ నష్టం చేసిన తుపాను పేరును మళ్లీ వాడరు. కట్రీనా, హార్వీ, మరియా, ఇయాన్ అలా జాబితాల నుంచి తొలగిన పేర్లే.

తీవ్రతను సఫిర్-సింప్సన్ కొలమానం మీద 1 నుంచి 5 వరకు కేటగిరీలుగా చెబుతారు. ఇంజనీరు హెర్బర్ట్ సఫిర్, వాతావరణ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ సింప్సన్ 1970ల తొలినాళ్లలో దీన్ని రూపొందించారు. కేటగిరీ 3, అంటే గంటకు 178 కిలోమీటర్ల గాలి, దగ్గర నుంచి తీవ్రమైన హరికేన్‌గా లెక్క. 252 కిలోమీటర్లకు చేరితే కేటగిరీ 5. ఈ అంకె గాలి వేగాన్నే చెబుతుంది. వాన ఎంత పడుతుంది, సముద్రం ఎంత దూరం లోపలికి వస్తుంది అన్నవి ఇందులో కనిపించవు. 2024 జులైలో బెరిల్ కేవలం కేటగిరీ 1గా టెక్సస్ తీరం దాటినా, హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మండు వేసవిలో ఫ్యాన్లు, ఏసీలు లేక వడదెబ్బతో మరణాలు సంభవించాయి.

ప్రాణనష్టానికి కారణాలు

హరికేన్ అనగానే ఎగిరిపోయే పైకప్పులే గుర్తుకొస్తాయి గానీ, ఎక్కువ ప్రాణాలు తీసేది నీరు. 1963 నుంచి 2012 వరకు అమెరికాలో తుపానుల వల్ల నేరుగా జరిగిన మరణాలను జాతీయ హరికేన్ కేంద్రం అధ్యయనం చేసింది. పదింట తొమ్మిది నీటి వల్లే జరిగాయని, వాటిలో సగానికి పైగా ఉప్పెన వల్ల అని తేలింది. ఆ తర్వాతి దశాబ్దంలో తీరానికి దూరంగా కురిసే వాన, దాని వెంట వచ్చే వరద మొదటి స్థానానికి వచ్చాయి.

ఉప్పెనకు పాత ఉదాహరణ 1900 సెప్టెంబరు 8న గాల్వెస్టన్ దీవిని ముంచిన తుపాను. అందులో సుమారు 8,000 మంది చనిపోయారని అంచనా. 2005 ఆగస్టు 29న కట్రీనా మిసిసిపీ తీరం మీదికి 8 మీటర్లకు పైగా సముద్రాన్ని నెట్టింది. కరకట్టలు తెగి న్యూ ఆర్లియన్స్ నగరంలో 80 శాతం మునిగింది. వాన వరదకు ఉదాహరణ 2017లో హార్వీ. టెక్సస్‌లోని నెదర్లండ్ దగ్గర 1,539 మిల్లీమీటర్ల వాన నమోదైంది. 2024 సెప్టెంబరులో హెలీన్ ఫ్లోరిడా తీరం దాటి వందల కిలోమీటర్లు లోపలికి వెళ్లాక, నార్త్ కరొలైనా కొండ ఊళ్లలో నదులు పొంగి మనుషులు కొట్టుకుపోయారు. ఆష్‌విల్ నగరంలో కుళాయి నీళ్లు మళ్లీ తాగడానికి పనికొచ్చేసరికి 53 రోజులు పట్టింది.

అందుకే తీరప్రాంత అధికారులు గాలి నుంచి దాక్కోండి, నీటి నుంచి పారిపోండి అని ఏటా చెబుతారు. ఇంటి సన్నద్ధతకంతటికీ మూలసూత్రం ఇదే. గాలికి ఇంటిని గట్టిచేసుకోవచ్చు. ఉప్పెన వచ్చే చోట ఇల్లు ఎంత గట్టిదైనా అందులో ఉండకూడదు.

సీజనుకు ముందు: ఇల్లు

పెనుగాలి ఇంట్లోకి చొరబడితే లోపలి ఒత్తిడి పెరిగి పైకప్పును కింది నుంచి ఎత్తేస్తుంది. కాబట్టి గాలికి సందివ్వకపోవడమే ఇంటి రక్షణలో మొదటి పని. చాలా ఇళ్లలో బలహీనమైన చోటు గ్యారేజీ తలుపు. వెడల్పాటి పల్చని రేకు తలుపు గాలికి లోపలికి వంగిపోతే, ఆ తర్వాత పైకప్పు నిలవడం కష్టం. పాత తలుపులకు అడ్డ, నిలువు బద్దలు బిగిస్తారు, లేదా గాలి ఒత్తిడి తట్టుకునే తలుపులు పెట్టిస్తారు.

కిటికీలకు మూడు దారులున్నాయి: దెబ్బ తట్టుకునే అద్దాలు, అల్యూమినియం లేదా ఉక్కు షట్టర్లు, 5/8 అంగుళాల మందం ప్లైవుడ్. మూడోది చవక. అయితే ప్లైవుడ్‌ను ముందుగానే కిటికీ కొలతలకు కోయించి, మరల కోసం రంధ్రాలు చేయించి, ఏ పలక ఏ కిటికీదో రాసి పెట్టుకోవాలి. హెచ్చరిక వచ్చాక దుకాణానికి వెళితే పలకలూ ఉండవు, కోసే మనిషీ దొరకడు. అద్దాల మీద గుణకారం గుర్తులా టేపు అంటించే పాత అలవాటు వల్ల లాభమేమీ లేదు. అద్దం పగలకుండా టేపు ఆపలేదు, పైగా పెద్ద పెద్ద పెంకులుగా విరిగేలా చేస్తుంది.

పైకప్పు దూలాలను గోడలకు కలిపే లోహపు పట్టీలు ఉన్నాయో లేదో అటకెక్కి చూడాలి. ఎండిన కొమ్మలు కొట్టించాలి. చూరు కాలువల్లో ఆకులు తీయించాలి. వసారాలోని కుర్చీలు, పూలకుండీలు, పిల్లల సైకిళ్లు గాలిలో రాళ్లలా ఎగురుతాయి గనుక వాటిని పెట్టే చోటు కూడా ముందే చూసుకోవాలి.

ఈ జాగ్రత్తలు చట్టాలుగా మారడానికి 1992 ఆగస్టులో మయామీకి దక్షిణాన హోమ్‌స్టెడ్ ప్రాంతాన్ని తుడిచిపెట్టిన ఆండ్రూ హరికేన్ కారణం. దాని తర్వాత మయామీ-డేడ్ కౌంటీ నిర్మాణ నియమాలు కఠినమయ్యాయి. 2002 నుంచి ఫ్లోరిడా అంతటికీ ఒకే భవన నియమావళి అమల్లోకి వచ్చింది. 2018లో మైకేల్ కేటగిరీ 5గా మెక్సికో బీచ్‌ను నేలమట్టం చేసినప్పుడు, నియమాలు అడిగిన దానికన్నా గట్టిగా, ఎత్తైన స్తంభాల మీద కాంక్రీటుతో కట్టిన ఒక కొత్త ఇల్లు చుట్టూ శిథిలాల మధ్య దాదాపు చెక్కుచెదరకుండా నిలిచింది.

బీమా, కాగితాలు

అమెరికాలో సాధారణ గృహబీమా వరద నష్టాన్ని భరించదు. గాలి పైకప్పును లేపి, ఆ సందులోంచి వాన పడితే ఒక లెక్క, నేల మీది నీరు గడప దాటి వస్తే మరో లెక్క. రెండోదానికి వేరే పాలసీ ఉండాలి. 1968లో మొదలైన జాతీయ వరద బీమా పథకం కింద ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, ఇంట్లోని సామానుకు 1,00,000 డాలర్ల వరకు రక్షణ దొరుకుతుంది. సాధారణంగా ఈ పాలసీ కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. ఆగస్టు చివర్లో టీవీలో తుపానును చూసి కొన్న పాలసీ ఆ తుపానుకు అక్కరకు రాదు. హార్వీలో మునిగిన ఇళ్లలో ఎక్కువ వాటికి వరద బీమా లేదు. వరద మండలం బయట ఉన్నాం కదా అని చాలామంది తీసుకోలేదు.

గృహబీమా పాలసీలో మరో చోటు జాగ్రత్తగా చదవాలి. హరికేన్ నష్టానికి యజమాని తన జేబులోంచి పెట్టుకోవలసిన మొత్తం, అంటే డిడక్టిబుల్, తరచూ ఇంటి బీమా విలువలో శాతంగా ఉంటుంది. 4,00,000 డాలర్లకు బీమా చేసిన ఇంటికి 2 శాతమంటే 8,000 డాలర్లు, 5 శాతమంటే 20,000. పైకప్పు మరమ్మతుకు 7,000 అయితే బీమా కంపెనీ నుంచి పైసా రాదు. అద్దె ఇంట్లో ఉన్నవారి సామాను యజమాని పాలసీ కిందికి రాదు. అద్దెదారు తనకంటూ పాలసీ తీసుకోవాలి.

ప్రతి గదినీ, అల్మారాలు తెరిచి, టీవీ, ఫ్రిజ్‌ల మీది సీరియల్ నంబర్లు కనిపించేలా వీడియో తీసి ఇంటి బయట, క్లౌడ్‌లోనో దూరపు చుట్టాల దగ్గరో దాచితే తర్వాత నష్టాన్ని రుజువు చేయడం తేలిక. పాస్‌పోర్టులు, జనన ధ్రువపత్రాలు, ఇంటి పత్రాలు, పాలసీలు నీరు చొరని సంచిలో ఒకచోట ఉండాలి. అమెరికా పౌరసత్వం లేని కుటుంబాలకు ఇందులో మరికొన్ని చేరతాయి. వీసా ఆమోదపత్రాలు, ఐ-94 ప్రతులు, ఉద్యోగ లేఖలు అలాంటివే. ఆమోదపత్రాలు తడిసిపోతే మళ్లీ తెప్పించుకోవడానికి నెలలు పట్టవచ్చు.

నిల్వలు

తాగడానికి, వంటకు, ముఖం కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల నీరు అన్నది ప్రామాణిక లెక్క. ఫ్లోరిడాలో వారానికి సరిపడా ఉంచుకోమంటారు. నలుగురున్న ఇంటికి 28 గ్యాలన్లు, సుమారు 106 లీటర్లు అవుతుంది. 24 అరలీటరు సీసాల అట్టపెట్టెలైతే తొమ్మిది. ఒక్కసారిగా కొంటే బరువు, ఖర్చు. జూన్ నుంచి కిరాణాకు వెళ్లినప్పుడల్లా ఒక పెట్టె తెచ్చుకుంటే ఆగస్టు నాటికి సరిపోతుంది. తుపాను ముందు స్నానపు తొట్టి నింపుకోవడం మరుగుదొడ్డి అవసరాలకే తప్ప తాగడానికి కాదు.

తెలుగు వంటింటికి ఇక్కడొక చిక్కుంది. బియ్యం బస్తా, కందిపప్పు డబ్బాలు నిండుగా ఉంటే తిండికి లోటు లేదనిపిస్తుంది. అమెరికాలో చాలా ఇళ్లలో పొయ్యి కరెంటుది. కరెంటు పోతే కుక్కర్ పెట్టే దారే ఉండదు. కడుగు నీళ్లు, ఎసరు, అంట్లు తోమే నీళ్లు కలిపితే అన్నం వండటమంటేనే నీటి ఖర్చు. అటుకులు, మరమరాలు, పుట్నాల పప్పు, వేరుశనగ పప్పు, బెల్లం, చెక్కలు, సున్నుండలు, డబ్బా పండ్లు, పొడి పాలు వండకుండా తినడానికి పనికొస్తాయి. ముందురోజు కలిపిన చింతపండు పులిహోర మొదటి రోజు గట్టెక్కిస్తుంది. ఊరగాయలు, కారప్పొడులు ఆదుకుంటాయి గానీ, ఉప్పూ కారం ఎక్కువైతే దాహం పెరుగుతుంది, నీటి లెక్క తప్పుతుంది. బయట వాడే చిన్న గ్యాస్ పొయ్యి ఉంటే మంచిదే. దాన్ని ఇంట్లో వెలిగించకూడదు.

మందులు రెండు వారాలకు సరిపడా ఉంచుకోవడం మంచిది. ఇన్సులిన్ వాడేవారికి ఐసుతో కూడిన చల్లని పెట్టె ఉండాలి. కొవ్వొత్తుల కన్నా బ్యాటరీ దీపాలు మేలు. తుపాను సమయంలో అగ్నిమాపక వాహనాలు కదలవు కాబట్టి దేవుడి దగ్గర దీపాన్ని కూడా గమనిస్తూ ఉండాలి. బ్యాటరీ రేడియో, ఫోన్లకు పవర్ బ్యాంకులు, నగదు, కారులో సగానికి తగ్గకుండా పెట్రోలు సీజనంతా ఉండవలసినవి. కరెంటు లేకపోతే కార్డు యంత్రాలు పనిచేయవు, బంకుల్లో పంపులు కూడా పనిచేయవు.

హెచ్చరికలు చదవడం

జాతీయ హరికేన్ కేంద్రం మయామీలో ఉంది. తీరంలో హరికేన్ గాలులకు అవకాశముంటే, ఉష్ణమండల తుపాను స్థాయి గాలులు తాకడానికి సుమారు 48 గంటల ముందు వాచ్ ప్రకటిస్తుంది. హరికేన్ గాలులు వచ్చే సూచన బలపడితే సుమారు 36 గంటల ముందు వార్నింగ్ ఇస్తుంది. 2017 నుంచి ఉప్పెనకు విడిగా హెచ్చరికలు ఇస్తున్నారు. వాచ్ వచ్చిందంటే షట్టర్లు బిగించే వేళ. వార్నింగ్ నాటికి ఆ పని ముగిసి ఉండాలి.

టీవీలో చూపే శంకువు ఆకారపు పటాన్ని జనం తరచూ తప్పుగా అర్థం చేసుకుంటారు. తుపాను కేంద్రం వెళ్లగల దారిని మాత్రమే అది చూపుతుంది. గతంలో మూడింట రెండుసార్లు కేంద్రం ఆ హద్దుల్లో ఉండేలా దాన్ని గీస్తారు. అంటే మూడోసారి బయటికి పోవచ్చు. తుపాను వెడల్పు, వాన, ఉప్పెన ఆ గీతల్లో ఇమడవు. 2022 సెప్టెంబరులో ఇయాన్ టాంపా వైపు వస్తుందని కొన్ని రోజులు అందరి కళ్లూ అటే ఉన్నాయి. చివరికి 28న దక్షిణాన కాయో కోస్టా దగ్గర తీరం దాటి ఫోర్ట్ మయర్స్ బీచ్‌ను ఉప్పెనతో ముంచింది. ఆ కౌంటీలో తరలింపు ఆదేశం ముందురోజు పొద్దున గానీ రాలేదు. రెండేళ్ల తర్వాత హెలీన్ కేంద్రం వంద మైళ్లకు పైగా దూరం నుంచి వెళ్లినా టాంపా అఖాతం ఒడ్డు ఇళ్లలోకి సముద్రం వచ్చింది.

ఉండాలా, వెళ్లాలా

ఫ్లోరిడా కౌంటీలు తీరాన్ని ఎ, బి, సి వంటి అక్షరాలతో తరలింపు మండలాలుగా విభజించాయి. బీమాకు వాడే వరద మండలం వేరు, ఇది వేరు. తన ఇల్లు ఏ అక్షరంలో ఉందో ప్రతి కుటుంబానికీ సీజనుకు ముందే తెలియాలి. ఆదేశం వచ్చిన మండలంలో ఉన్నవారు, ఏ మండలంలో ఉన్నా మొబైల్ హోముల్లో, అంటే వేరేచోట తయారుచేసి తెచ్చిపెట్టే తేలికపాటి ఇళ్లలో, ఉన్నవారు వెళ్లాల్సిందే. మొబైల్ హోము హరికేన్ గాలికి నిలుస్తుందని నమ్మడానికి లేదు.

అవసరం లేనివారు రోడ్డెక్కడం కూడా ప్రమాదమే. కట్రీనా జరిగిన నెలలోపే 2005లో రీటా వస్తోందనగానే హ్యూస్టన్ నుంచి లక్షల మంది ఒకేసారి బయలుదేరారు. కార్లు గంటల తరబడి ఎండలో ఆగిపోయాయి, పెట్రోలు అయిపోయింది, వృద్ధులను తీసుకెళుతున్న బస్సుకు నిప్పంటుకుని 23 మంది చనిపోయారు. ఆ తర్వాత టెక్సస్ తీరంలో జిప్ కోడుల వారీగా తరలింపు మండలాలు ఏర్పడ్డాయి. గాలికి నిలిచే ఇల్లుండి, ఆదేశం లేని చోట ఉన్నవారు కదలకుండా ఉంటేనే దారి తీరంవాసులకు మిగులుతుంది.

వెళ్లేవారు చాలా దూరం వెళ్లనక్కర్లేదు. ఉప్పెన మండలం దాటి, గట్టి ఇంట్లో ఉన్న స్నేహితుల దగ్గరకు పదుల మైళ్లు వెళ్లినా సరిపోతుంది. కట్రీనాలో కుక్కలను, పిల్లులను వదల్లేక ఆగిపోయినవారున్నారు. ఆ అనుభవంతో 2006లో పెంపుడు జంతువులనూ తరలింపు పథకాల్లో చేర్చాలని చట్టం వచ్చింది.

తుపాను వేళ, ఆ తర్వాత

ఉండిపోయినవారికి కిటికీలు లేని లోపలి గది మేలు. గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తెరిపిచ్చినా బయటికి రాకూడదు. తుపాను కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి తిరిగి విరుచుకుపడుతుంది. నీరు పెరిగితే పై అంతస్తుకు వెళ్లాలి గానీ కిటికీ లేని అటకలోకి కాదు.

తుపాను వెళ్లాక జరిగే మరణాలకు ముఖ్య కారణాల్లో ఒకటి జనరేటరు పొగ. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. జనరేటరును ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ ఇంటివైపు రాకుండా పెట్టాలి. తలుపు తెరిచినా సరే గ్యారేజీలో నడపకూడదు. గోడ ప్లగ్గులోకి నేరుగా కలిపితే ఆ కరెంటు వీధి తీగల్లోకి ఎక్కి లైన్‌మన్ ప్రాణం తీయగలదు.

తలుపు తెరవకపోతే ఫ్రిజ్‌లో తిండి నాలుగు గంటలు, నిండు ఫ్రీజర్‌లో రెండు రోజులు చెడకుండా ఉంటుంది. ఊరు విడిచి వెళ్లేవారు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన నాణెం పెట్టి వెళతారు. తిరిగొచ్చేసరికి నాణెం అడుగున ఉంటే ఫ్రీజర్ మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు లెక్క. అందులోది పారేయాలి.

పదిహేను సెంటీమీటర్ల పారే నీరు పెద్ద మనిషిని పడదోస్తుంది. రెండడుగుల నీరు చాలా కార్లను తేల్చేస్తుంది. మునిగిన ఇంట్లో ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి ఫొటోలు తీసిన వెంటనే తివాచీలు, తడిసిన గోడ పలకలు తీసేయాలి. ఉప్పునీటిలో మునిగిన విద్యుత్ కారు రోజుల తర్వాత కూడా అంటుకోగలదు. దాన్ని ఇంటికి దూరంగా నెట్టించాలి.

బంగాళాఖాతపు అనుభవంతో పోలిక

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. తర్వాత ఆంధ్ర తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు. ఇప్పుడు హెచ్చరిక వస్తే రెవెన్యూ సిబ్బంది ఊళ్లకు వచ్చి జనాన్ని బస్సుల్లో ఎక్కించి తీసుకెళతారు, పునరావాస కేంద్రంలో భోజనం పెడతారు. అక్కడ సన్నద్ధత ప్రధానంగా ప్రభుత్వం పని, ఊరి పని. అమెరికాలోనూ ప్రభుత్వ షెల్టర్లున్నాయి గానీ, కారు, పెట్రోలు, హోటలు, ప్లైవుడ్, బీమా ఎక్కువ భాగం కుటుంబం మీదే. హ్యూస్టన్, టాంపాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు మొదటి సీజనులో ఈ తేడాను గుర్తించకపోతే, ఎవరో వచ్చి చెబుతారని ఎదురుచూస్తూ సమయం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. గాలి వేగం అంకెలను పోల్చేటప్పుడూ తేడా గమనించాలి. అమెరికాలో ఒక నిమిషం సగటు, భారత వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు లెక్కిస్తాయి.

పరిమితులు

ఇంటి సన్నద్ధతకు డబ్బు కావాలి. అద్దెదారు కిటికీలకు షట్టర్లు బిగించలేడు. కారు లేనివారికి తరలింపు ఆదేశం కాగితం మీదే ఉంటుంది. కట్రీనాలో న్యూ ఆర్లియన్స్‌లో చిక్కుకున్నవారిలో చాలామందికి సొంత వాహనం లేదు. కొన్ని తుపానుల్లో హెచ్చరిక సమయం కూడా తక్కువే. 2023 అక్టోబరులో పసిఫిక్ వైపు ఓటిస్ ఒక్క రోజులో ఉష్ణమండల తుపాను నుంచి కేటగిరీ 5కు ఎదిగి అకపుల్కో నగరంపై పడింది. తుపాను ఇలా చివరి రోజున బలపడితే వాచ్ చూశాక పనులు మొదలుపెట్టేవారికి వ్యవధి ఉండదు. అందుకే ఫ్లోరిడా, అలబామా వంటి రాష్ట్రాలు పైకప్పులు, కిటికీలు గట్టిచేసుకోవడానికి గృహయజమానులకు గ్రాంట్లు ఇస్తున్నాయి. ప్రభుత్వ సాయం తుపాను తర్వాతి పరిహారం నుంచి సీజనుకు ముందరి మరమ్మతు వైపు ఎంత జరిగితే, స్తోమత లేని కుటుంబాలకు సన్నద్ధత అంత అందుబాటులోకి వస్తుంది.